పెరటి చెట్ల గొంగళి పురుగులు: గుర్తింపు

నిర్వచనం

సీతాకోకచిలుకలు, మాత్‌లు కలిసి లెపిడోప్టెరా అనే కీటక క్రమం. వీటి జీవితంలో గుడ్డుకూ ప్యూపాకూ నడుమ ఉండే లార్వా దశే గొంగళి పురుగు. శాస్త్ర పరిభాషలో ఒంటిమీద నూగు ఉన్నా లేకపోయినా పేరు ఇదే. వాడుకలో మాత్రం వెంట్రుకలు దట్టంగా ఉన్నవాటినే గొంగళి పురుగు, కంబళి పురుగు, బొంత పురుగు అంటారు. నున్నటివాటిని పచ్చ పురుగు, లద్దె పురుగు, దాసరి పురుగు వంటి పేర్లతో వేరుచేస్తారు. ఈ వ్యాసంలో గొంగళి పురుగు అన్న మాట మొత్తం లార్వా దశకు వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పెరళ్లలో సాధారణంగా పెంచే చెట్ల మీద కనిపించే జాతులే ఇక్కడ ప్రధానం.

ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టిన లెపిడోప్టెరా జాతులు సుమారు 1,60,000. భారతదేశంలో సీతాకోకచిలుకలే 1,300కు పైగా ఉన్నాయి. మాత్‌లు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా పెరట్లో ఒక చెట్టు మీద దొరికిన పురుగును గుర్తించడం ఈ అంకెలు సూచించేటంత కష్టం కాదు. గొంగళి పురుగుల్లో చాలా జాతులు ఒకే వృక్ష కుటుంబాన్నో, దగ్గరి బంధువులైన కొన్ని మొక్కలనో ఆశ్రయించి బతుకుతాయి. అందువల్ల చెట్టు పేరు తెలిస్తేనే వెతకవలసిన జాబితా వేల నుంచి పదుల్లోకి దిగుతుంది.

అధ్యయన చరిత్ర

పురుగులు కుళ్లిన పదార్థం నుంచి వాటంతటవే పుడతాయన్న నమ్మకం ఐరోపాలో పదిహేడో శతాబ్దం దాకా బలంగా ఉండేది. 1668లో ఫ్రాంచెస్కో రెడి ప్రయోగాలు దాన్ని దెబ్బతీశాయి. జర్మన్ చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్ గొంగళి పురుగులను ఇంట్లో పెంచి, ప్రతి జాతినీ అది తినే మొక్క మీదే, గుడ్డు నుంచి రెక్కల దశ వరకు చిత్రించింది. ఆమె మొదటి గొంగళి పురుగుల గ్రంథం 1679లోను, సురినామ్ కీటకాల గ్రంథం 1705లోను వెలువడ్డాయి. పురుగునూ దాని ఆతిథేయ మొక్కనూ కలిపి చూసే పద్ధతికి ఆమె కృషి గట్టి పునాది. లెపిడోప్టెరా అన్న పేరు 1758 నాటి లిన్నేయస్ వర్గీకరణతో స్థిరపడింది.

భారతదేశపు మాత్‌లను జార్జ్ హాంప్సన్ 1892–1896 మధ్య నాలుగు సంపుటాల్లో వర్ణించాడు. కానీ ఆ కాలపు గ్రంథాల్లో ఎక్కువ భాగం పిన్నుకు గుచ్చిన రెక్కల పురుగుల గురించే. పొలంలో, తోటలో కనిపించే లార్వాల వివరాలు వ్యవసాయ కీటక శాస్త్రంతోపాటు పెరిగాయి. బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో ప్రచురించిన దక్షిణ భారత కీటకాల గ్రంథం, టి.వి. రామకృష్ణ అయ్యర్ 1940లో తెచ్చిన దక్షిణ భారత ఆర్థిక కీటక శాస్త్ర కరదీపిక ఈ ప్రాంతానికి ముఖ్యమైనవి. 1964లో పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ సీతాకోకచిలుకల, మొక్కల సహపరిణామాన్ని వివరించారు: మొక్క తన రక్షణకు రసాయనాలు తయారుచేసుకుంటుంది, ఏదో ఒక కీటక వంశం వాటిని తట్టుకునే శక్తి సంపాదించి ఆ మొక్కల మీదే స్థిరపడుతుంది. 2003లో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన డీఎన్ఏ బార్‌కోడింగ్‌తో, రూపం చూసి తేల్చలేని లార్వాను కూడా ప్రయోగశాలలో జాతి స్థాయికి గుర్తించే వీలు కలిగింది.

శరీర నిర్మాణం: గుర్తింపుకు పనికొచ్చే భాగాలు

గొంగళి పురుగు శరీరంలో గట్టి తల, మూడు ఖండితాల ఉరోభాగం, పది ఖండితాల ఉదరం ఉంటాయి. తలకు రెండు పక్కలా సాధారణంగా ఆరేసి చిన్న సరళ నేత్రాలు కనిపిస్తాయి. కింది పెదవి దగ్గర పట్టుదారం వదిలే నాళిక ఉంటుంది. ఉరోభాగానికి మూడు జతల నిజమైన కాళ్లు, ఉదరానికి కండగల మిథ్యాపాదాలు ఉంటాయి. ఈ మిథ్యాపాదాల అడుగున సన్నని కొక్కేలు వరుసగా అమరి, పురుగు ఆకును గట్టిగా పట్టుకునేందుకు తోడ్పడతాయి.

మిథ్యాపాదాల సంఖ్య గుర్తింపులో మొదటి మెట్టు. పూర్తి సంఖ్య అయిదు జతలు: ఉదరపు మూడు, నాలుగు, అయిదు, ఆరు ఖండితాల మీద ఒక్కొక్కటి, చివరి ఖండితం మీద ఒకటి. ఆరో ఖండితం మీద, చివర మాత్రమే ఉంటే అది జియోమెట్రిడే కుటుంబానిది. మధ్యలో కాళ్లు లేనందున వీపు విల్లులా వంచి, జానలు వేస్తూ నడుస్తుంది. ముందరి ఒకటి రెండు జతలు కుంచించుకుపోయినా, లేకపోయినా నడక సగం వంపుతో సాగుతుంది. ఆముదం దాసరి పురుగు ఇలాంటిది. లిమకోడిడే కుటుంబంలో మిథ్యాపాదాల బదులు అంటుకునే మెత్తని అడుగుభాగం ఉండి, పురుగు నత్తలా జారుతూ కదులుతుంది.

రెండో మెట్టు ఒంటి మీద ఉన్న అలంకరణ. ఎనిమిదో ఉదర ఖండితం మీద ఒకే కొమ్ము ఉంటే స్ఫింజిడే, అంటే హాక్ మాత్‌ల కుటుంబం. తల వెనుక నుంచి చీలిన మెత్తని కొమ్ము పొడుచుకొచ్చి ఘాటైన వాసన వస్తే పాపిలియోనిడే. వీపున జతలు జతలుగా మెత్తని పొడవాటి తంతువులుంటే డనైనే ఉపకుటుంబపు సీతాకోకచిలుకలు. తల పెద్దదిగా, మెడ సన్నగా నొక్కినట్టుండి, పురుగు ఆకు మడతలో దాక్కుంటే హెస్పెరిడే. చిన్నగా, చదునుగా ఉండి చుట్టూ చీమలు తిరుగుతుంటే లైకేనిడే అయ్యే అవకాశం ఎక్కువ. ఎరిబిడే కుటుంబంలో, ముఖ్యంగా టస్సాక్ మాత్‌లలో, వీపు మీద కత్తిరించిన కుంచెల్లాంటి వెంట్రుక గుత్తులు వరుసగా ఉంటాయి.

రంగును నమ్మి గుర్తించడం ప్రమాదకరం. గొంగళి పురుగు సాధారణంగా నాలుగైదు దశల్లో పెరుగుతూ ప్రతి దశ చివరా కుబుసం విడుస్తుంది. కొన్ని జాతుల్లో రంగు, గుర్తులు దశ దశకూ పూర్తిగా మారిపోతాయి. ప్యూపా కాబోయే ముందు పచ్చని పురుగు గోధుమ రంగుకు తిరగడం కూడా మామూలే. పురుగు ఏ దశలో ఉందో తేల్చేందుకు తల వెడల్పు మంచి ఆధారం. కుబుసం విడిచినప్పుడు తప్ప తల పెరగదు. ఆ పెరుగుదల దాదాపు స్థిరమైన నిష్పత్తిలో సాగుతుందని హారిసన్ డయర్ 1890లో చూపాడు. (చూ. రూపవిక్రియ, కుబుసం విడవడం)

గొంగళి పురుగులని పొరపడేవి

రంపపు ఈగల లార్వాలు చూపుకు గొంగళి పురుగుల్లాగే ఉంటాయి. అవి తేనెటీగలు, కందిరీగల క్రమానికి చెందినవి. వాటికి మిథ్యాపాదాలు ఆరు జతలు లేదా అంతకన్నా ఎక్కువ, అడుగున కొక్కేలు ఉండవు, తలకు ఒక్కో పక్క ఒకే కన్ను ఉంటుంది. ఆవ మొక్కల మీది అథాలియా లార్వాకు ఎనిమిది జతలుంటాయి. ఈ తేడా మందు ఎంపికలోనూ ముఖ్యం. గొంగళి పురుగుల కోసం తయారైన బాక్టీరియా మందు రంపపు ఈగ లార్వా మీద పనిచేయదు.

కాళ్లే లేని తెల్లని లార్వాలు ఈగలవో ముక్కు పురుగులవో అయి ఉంటాయి. మామిడి కింద లేత ఆకులు కత్తెరతో తెంపినట్టు రాలిపడి ఉంటే అది కూడా గొంగళి పురుగు పని కాదు, ఆకు కత్తిరించే ముక్కు పురుగుది.

తిన్న తీరు, రెట్ట

పురుగు కనిపించకపోయినా ఆనవాళ్లు మిగులుతాయి. ఆకు అంచు నుంచి ఈనె దాకా కొరికి ఉంటే పెద్ద లార్వా. పైపొర మిగిల్చి పచ్చదనం గీకితే చిన్న వయసు లార్వాల గుంపు. ఆకు లోపల వంకరటింకర వెండి గీతలుంటే పొరల మధ్య తొలిచే పురుగు. ఆకులు పట్టుదారంతో కలిపి గూడు కట్టి ఉంటే ఆకుగూడు పురుగు. చెట్టు కింద నేల మీద, గచ్చు మీద పడే గట్టి రెట్ట గుళికలు తాజాగా ఉంటే, సరిగ్గా వాటి పైనున్న కొమ్మను వెతకాలి. గుళికల పరిమాణం పురుగు వయసును చెబుతుంది. రెట్ట పొట్టులా, దారాలతో కలిసి కాండానికి అంటుకుని ఉంటే బెరడు తినే పురుగు. చాలా మాత్ లార్వాలు రాత్రి తింటాయి. పగలు ఖాళీగా కనిపించిన కొమ్మను చీకటి పడ్డాక దీపం వేసి చూస్తే పురుగు దొరుకుతుంది.

చెట్టును బట్టి గుర్తింపు

*నిమ్మ, కరివేపాకు, మారేడు.* పెరటి పురుగుల్లో అందరికీ ఎక్కువగా ఎదురుపడేది పాపిలియో డెమోలియస్ అనే నిమ్మ సీతాకోకచిలుక లార్వా. తల్లి లేత చిగుళ్ల మీద ఒక్కొక్కటిగా గుండ్రని లేత పసుపు గుడ్లు పెడుతుంది. పిల్ల లార్వా ముదురు గోధుమ రంగులో తెల్లని మచ్చలతో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, ఆకు మీద బాహాటంగా కూర్చున్నా పక్షులు పట్టించుకోవు. చివరి దశకు వచ్చేసరికి ఒళ్లు ఆకుపచ్చగా మారి, పక్కల ముదురు పట్టీలు ఏర్పడతాయి. చిన్న పురుగు, పెద్ద పురుగు రెండు వేర్వేరు జాతులని భావించడం ఈ చెట్టు దగ్గర సాధారణంగా జరిగే పొరపాటు. తాకితే తల వెనుక నుంచి చీలిన కొమ్ము బయటికి వస్తుంది. దాన్ని ఆస్మెటీరియం అంటారు. దాని వాసన చీమలు, కందిరీగల వంటి చిన్న శత్రువులను తరుముతుంది. మనుషులకు దానివల్ల ఏ హానీ లేదు. ప్యూపా కొమ్మకు నడుము దగ్గర పట్టుదారంతో కట్టుకుని నిలుస్తుంది, పరిసరాన్ని బట్టి పచ్చగానో గోధుమ రంగులోనో ఉంటుంది.

ఇదే చెట్ల మీద పాపిలియో పోలైటిస్ లార్వా కూడా పెరుగుతుంది. రెండూ బాగా పోలి ఉంటాయి. ప్యూపా నుంచి వెలువడ్డాక సందేహం తీరిపోతుంది: డెమోలియస్ వెనుక రెక్కలకు తోకలు లేవు, నల్లని రెక్కల నిండా పసుపు మచ్చలుంటాయి, పోలైటిస్ వెనుక రెక్కలకు తోకలుంటాయి. డెమోలియస్ ఆసియా దాటి వెళ్లి, 2004లో కరీబియన్ సముద్రంలోని డొమినికన్ రిపబ్లిక్‌లో కూడా నమోదైంది. పెద్ద చెట్టుకు దీనివల్ల పెద్ద నష్టం ఉండదు. నారుమడిలోని నిమ్మ మొక్కను, కుండీలోని కరివేపాకును మాత్రం నాలుగైదు పురుగులే మోడు చేయగలవు.

నిమ్మ ఆకులో పాము పాకినట్టు వెండి గీతలు పడితే అది ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అనే అతి చిన్న మాత్ లార్వా. అది చేసే గాయాల గుండా గజ్జి తెగులు బాక్టీరియా లోపలికి చేరుతుంది. (చూ. నిమ్మ గజ్జి తెగులు)

*మునగ.* తెలుగునాట గొంగళి పురుగు అనగానే గుర్తొచ్చే చెట్టు ఇదే. యూప్టెరోటి మొల్లిఫెరా లార్వాలు గోధుమ రంగులో, ఒంటినిండా దట్టమైన వెంట్రుకలతో ఉంటాయి. పగలు కాండం మీద గుంపుగా ఒకదాన్నొకటి ఆనుకుని అతుక్కుపోతాయి, రాత్రి కొమ్మలెక్కి ఆకు తింటాయి, బెరడు గీకుతాయి. ఉధృతి ఎక్కువైతే చెట్టుకు ఆకు మిగలదు. వర్షాలు పడ్డాక నేలలోని ప్యూపాల నుంచి తల్లి పురుగులు వెలువడతాయి కనుక పురుగు ఉధృతి వానలను అనుసరించి వస్తుంది. ఈ లార్వాల గుంపు అలవాటే వాటిని గుర్తించే గట్టి లక్షణం. నివారణలో కూడా అదే కలిసొస్తుంది.

మునగ చిన్నాకులను సన్నని దారంతో అల్లి, పచ్చదనం గీకి కాగితంలా మిగిల్చేది నూర్డా బ్లైటియాలిస్. మొగ్గలోకి తొలుచుకుపోయి రాల్చేది దాని దగ్గరి బంధువు నూర్డా మొరింగే. పూత వచ్చి కాయ నిలవడం లేదంటే రాలిన మొగ్గలను విప్పి చూడాలి.

*మామిడి.* వర్షాకాలం తర్వాత కొమ్మల చివర ఆకులు కలిసి ఎండిన గూళ్లలా వేలాడితే ఆర్థాగా ప్రజాతి ఆకుగూడు పురుగు ఉన్నట్టు. గూడు విప్పితే లార్వాలు వేగంగా మెలికలు తిరుగుతూ దారం పట్టుకుని కిందికి జారతాయి. యూథాలియా అకాంథియా సీతాకోకచిలుక లార్వా మాత్రం ఒంటరిగా ఆకు మధ్య ఈనె మీద పడుకుంటుంది. ఒంటి పక్కల ఈకల్లా విచ్చుకున్న పొడవాటి ముళ్లు, వీపు నడుమ లేత గీత వల్ల పురుగు ఆకులో కలిసిపోతుంది. దాని దాగుడు ఎంత చక్కనిదంటే, చేయి పెట్టే దూరంలో ఉన్నా కన్ను దాటవేస్తుంది.

*జామ, దానిమ్మ, ఉసిరి.* కాయకు గుండ్రని రంధ్రం పడి, రెట్ట బయటికొచ్చి, దుర్వాసన వస్తే డ్యూడోరిక్స్ ఐసోక్రేటిస్ అనే కాయతొలుచు పురుగు. దీని తల్లి ఒక సీతాకోకచిలుక. కొమ్మల పంగల్లో బెరడు పొడి, రెట్ట, దారాలు కలిసిన జాలరు కప్పు కనిపిస్తే అది ఇండార్బెలా క్వాడ్రినొటాటా. పగలు కాండంలో తొలిచిన బొరియలో ఉండి, రాత్రి ఆ కప్పు కిందనే తిరుగుతూ బెరడు తింటుంది. దానిమ్మ ఆకు తింటూ, తల దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన రెండు వెంట్రుక కుచ్చులతో ఉండేది ట్రబాలా విష్ణు లార్వా. అదే నేరేడు, ఆముదం మీద కూడా దొరుకుతుంది.

*కొబ్బరి.* ఆకుల అడుగున రెట్ట, దారాలతో సొరంగాలు కట్టుకుని పచ్చదనం తినేది ఒపిసినా అరెనోసెల్లా, అంటే నల్లతల గొంగళి పురుగు. దూరం నుంచి చూస్తే మట్టలు మంటకు మాడినట్టుంటాయి. ఎండిన మట్టను నీటి ఎద్దడి అనుకోకుండా, ఆకు తిప్పి చూస్తే సొరంగాలు బయటపడతాయి.

*గన్నేరు, నందివర్ధనం.* రెండు జాతులు, రెండూ గుర్తించడానికి తేలిక. డాఫ్నిస్ నీరియై లార్వా వేలి పొడవున, ఆకుపచ్చగా, తల దగ్గర నీలం–తెలుపు కళ్లలాంటి పెద్ద మచ్చలతో, తోక కొమ్ముతో ఉంటుంది. బెదిరినప్పుడు తల ముడుచుకుని ఆ మచ్చలను ఉబ్బిస్తుంది. యూప్లియా కోర్ లార్వాకు ఒంటికి అడ్డపట్టీలు, నాలుగు జతల నల్లని తంతువులు ఉంటాయి. జిల్లేడు మీది డనాస్ క్రిసిప్పస్ లార్వాకు తంతువులు మూడు జతలే.

*అశోక, సీతాఫలం, సంపెంగ.* ఈ చెట్ల మీద కనిపించేది గ్రాఫియం అగమెమ్నాన్ లార్వా.

*కానుగ, రేల, ఆముదం.* కానుగ మీద క్యూరెటిస్ థీటిస్ లార్వాను తాకితే వెనుక చివరి రెండు గొట్టాల నుంచి వెంట్రుకల కుచ్చులు బయటికొచ్చి గిరగిరా తిరుగుతాయి. అదే చెట్టు మీద హసోరా క్రోమస్ లేతాకులను మడిచి అందులో ఉంటుంది. రేల చెట్టు మీది పచ్చని నున్నని లార్వా చాలావరకు కెటాప్సిలియా పొమోనా. ఆముదం మీది దాసరి పురుగు అకేయా జనాటా. దాని తల్లి పురుగు రాత్రివేళ బత్తాయి, నిమ్మ కాయలకు తొండం గుచ్చి రసం పీలుస్తుంది కనుక ఒకే జాతి లార్వాగా ఒక మొక్కకు, పెద్దయ్యాక వేరొక మొక్కకు నష్టం చేస్తుంది.

చర్మానికి, కంటికి హాని

వెంట్రుకలున్న ప్రతి పురుగూ దురద పుట్టించదు, నున్నటి పురుగులన్నీ నిరపాయమూ కావు. లిమకోడిడే కుటుంబానికి చెందిన పరాసా లెపిడా ఆకుపచ్చగా, ముళ్ల గుత్తులతో ఉంటుంది. మామిడి, కొబ్బరి, ఆముదం, దానిమ్మ వంటి అనేక చెట్ల మీద కనిపిస్తుంది. దాని ముళ్లు విషం గలవి, తాకగానే మంట పుడుతుంది. టస్సాక్ మాత్‌ల వెంట్రుకలు విరిగి గాలిలో తేలుతాయి. ఒంటి మీద పడితే దద్దుర్లు వస్తాయి.

వెంట్రుకలు గుచ్చుకున్నచోట రుద్దకూడదు. అంటుకునే టేపు వేసి లాగి వాటిని తీసి, సబ్బునీళ్లతో కడిగి, చల్లని గుడ్డ కాపడం పెట్టాలి. కంట్లో పడితే నలపకుండా వెంటనే కంటి వైద్యుణ్ణి చూడాలి. కంటి పొరల్లోకి చొచ్చుకుపోయిన వెంట్రుక తీవ్రమైన వాపుకు దారితీస్తుంది.

పెంచి గుర్తించడం

ఛాయాచిత్రంతో తేలనప్పుడు నమ్మదగిన మార్గం పురుగును పెంచడం. గాలి ఆడే డబ్బాలో, దొరికిన చెట్టు ఆకులే రోజూ తాజాగా వేసి, రెట్ట తీసివేస్తూ ఉండాలి. వేరే చెట్టు ఆకు వేస్తే చాలా జాతులు తినకుండానే చనిపోతాయి. నేలలో ప్యూపా అయ్యే మాత్‌ల కోసం అడుగున తడి మట్టి, సీతాకోకచిలుకల కోసం నిలువు పుల్ల ఉంచాలి. చెట్టు పేరు, దొరికిన తేదీ, ప్రదేశం, ఆకు మీదా కాయలోనా బెరడు మీదా అన్న వివరం, తల, వీపు, పక్క, కాళ్లు కనిపించే ఫొటోలు కలిపి ఉంచితే ఆ నమోదుకు శాశ్వతమైన విలువ ఉంటుంది. కొన్నిసార్లు సీతాకోకచిలుకకు బదులు ఈగో, చిన్న కందిరీగలో బయటికొస్తాయి. అది పెంపకంలో లోపం కాదు, పరాన్నజీవి సంగతి.

సహజ శత్రువులు, ప్రాముఖ్యం

టాకినిడ్ ఈగలు లార్వా ఒంటి మీద గుడ్లు పెడతాయి. బ్రకోనిడ్ కందిరీగల పిల్లలు లార్వాను లోపల తిని, బయటికొచ్చి తెల్లని గూళ్లు అల్లుతాయి. వీపు మీద బియ్యపు గింజల్లాంటి తెల్లని గూళ్లున్న పురుగును చంపడం తోటకే నష్టం. ఆ గూళ్ల నుంచి మరిన్ని పురుగులను అదుపు చేసే కందిరీగలు వెలువడతాయి. ట్రైకోగ్రామా అనే చిన్న పరాన్నజీవి కందిరీగ గుడ్ల దశలోనే పని ముగిస్తుంది. వైరస్ సోకిన లార్వాలు కొమ్మకు తలకిందులుగా వేలాడి కరిగిపోతాయి. కోకిల జాతి పక్షులు, వాటిలో చాతక పక్షి, ఇతర పక్షులు వదిలేసే నూగు పురుగులను కూడా తింటాయి. గూళ్లలో పిల్లలను సాకే చాలా పక్షులకు గొంగళి పురుగులే ప్రధాన మేత.

ఆర్థికంగా మేలు చేసే జాతులూ ఉన్నాయి. మద్ది చెట్ల మీద పెరిగే ఆంథీరియా మైలిట్టా నుంచి దసలి పట్టు వస్తుంది. తెలంగాణలోని మహాదేవ్‌పూర్, చెన్నూరు ప్రాంతాలు దీనికి పేరుపడ్డవి. (చూ. పట్టు పరిశ్రమ)

నివారణ

నివారణ గుర్తింపును బట్టి మారుతుంది. నిమ్మ, కరివేపాకు మొక్కల మీది లార్వాలను చేత్తో ఏరి పెద్ద చెట్టు మీదికి మార్చితే చాలు. మునగ కాండం మీద గుంపుగా ఉన్న పురుగులను కాగడాతో కాల్చడం, చెట్టు మొదలు చుట్టూ నేల తవ్వి ప్యూపాలను ఎండకు బయటపెట్టడం సిఫార్సు చేసిన పద్ధతులు. ఆకుగూళ్లను కత్తిరించి నాశనం చేయాలి. బెరడు తినే పురుగుకు జాలరు తీసి, బొరియలోకి ఇనుప తీగ పోనిచ్చి చంపాలి. ఆకుల మీద చల్లిన మందు దాన్ని చేరదు. కాయతొలుచు పురుగు కాయలోకి వెళ్లాక పైన చల్లే మందు కూడా వృథా, పిందెలకు ముందే సంచులు తొడగాలి.

కొబ్బరి నల్లతల పురుగుకు గోనియోజస్, బ్రకాన్ పరాన్నజీవులను వదలడం ప్రధాన మార్గం. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వీటిని పెంచి రైతులకు అందిస్తుంది. ఆకు తినే లేత లార్వాల మీద 5 శాతం వేపగింజల కషాయం పనిచేస్తుంది. బాసిల్లస్ తురింజియెన్సిస్ బాక్టీరియాను ఇషివాటా 1901లో జపాన్‌లో పట్టుపురుగుల్లో కనుగొన్నాడు; గొంగళి పురుగుల కోసం వాడే దాని రకం ఆకుతోపాటు కడుపులోకి వెళ్తేనే పనిచేస్తుంది, సాయంత్రం చల్లితే ఎండకు చెడకుండా ఎక్కువసేపు నిలుస్తుంది. పట్టుపురుగులు పెంచే చోట్ల దీన్ని వాడకూడదు. ఆకులు కూరకు కోసే మునగ, కరివేపాకు చెట్ల మీద రసాయన మందులు చల్లడం తగదు.